పెదనాన్న అడిగిన దొరగింజలు

ముందే చెప్పేస్తున్నాను, గోరంతను కొండంత చెయ్యడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. కొంత కొట్టేసుకుని చదువుకోండి, ఎంతన్నది చివర్లో నేనే చెప్తాను. ఆ రోజుల్లో, అంటే ఎనభైల్లో, ఇల్లందులో వంటంతా బొగ్గు పొయ్యిల మీదే. పొద్దున్నే లేచిన పొగలో పక్కింటాయన్ని ఆయన దగ్గుతో గుర్తుపట్టాల్సిందే. నేను గని ఆఫీసులో కొత్త గుమాస్తాగా చేరి, పెదనాన్న క్వార్టర్లో ఉండేవాణ్ణి.

ఆ చలికాలం పెదనాన్నకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది గానీ ఆకలి తిరిగి రాలేదు. గనిలో బొగ్గు తట్టలు మోసిన మనిషి మడతపెట్టిన దుప్పటిలా మంచానికి అంటుకుపోయాడు. పెద్దమ్మ జావ తెస్తే గోడవైపు తిరిగేవాడు. తినకపోతే మందులు పనిచెయ్యవని దవాఖానాలో చెప్పేశారు. అలాంటిది ఒకరోజు తనే నోరు తెరిచాడు. "చిన్నప్పుడు ఇంగిలీషు దొర బంగ్లాల పన్జేసిన గదా. దొర డబ్బా కోసి చిక్కుడు గింజలు తినెటోడు. ఒకపారి నాకు గింత పెట్టిండు. ఎర్రగ, తియ్యగ, జెర పుల్లగ... గింజ నోట్ల ఏస్తే ఎన్నపూస లెక్క కరిగింది. గవైతే తింట."

పెద్దమ్మ నావైపు చూసింది. "ఏందిరా, ఇంగిలీషు సదివినవ్ గదా, గవి వండుడు నీకు రాదా?"

రాదనడం మా వంశంలో లేదు. "ఎందుకు రాదు పెద్దమ్మా, గదెంత పని!" అన్నాను. (దొర తిన్న ఆ గింజల్ని బేక్డ్ బీన్స్ అంటారని ఏదో పాత పత్రికలో చదవడమే తప్ప, వాటి మొహం నేనెన్నడూ చూడలేదు.)

టేకులపల్లి దగ్గరి గూడెం నుంచి మాకు విస్తరాకులు తెచ్చే కోయ ఆడపడుచు ఉండేది, అందరికీ ఆకులక్క. సైకిలేసుకుని ఆమె ఇంటికి పోయాను. పందిరి నిండా చిక్కుడే. కాయల బరువుకు గుడిసె అడవివైపు ఒరిగిపోయింది. నేను చెయ్యి చాచానో లేదో, "ఆగు తమ్మీ! చిక్కుడు పండుగ కాలే. పండుగ చెయ్యంది కొత్త కాయ ఎవ్వలం ముట్టం" అంది.

"ఒక్క గుప్పెడక్కా, ఎవరు చూస్తరు?"

"ఎవలో చూసుడేంది? నేను చూస్తలేనా?" అని కసిరింది. పెదనాన్న సంగతి చెప్పేసరికి మెత్తబడి, విత్తనానికి దాచుకున్న పోయినేటి గింజలు ఓ మూట తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఆదివారం పొద్దున్నే వంట మొదలైంది. పెద్దమ్మ దగ్గరికి రాబోతే, "ఇది ఇంగ్లీషు వంట, నువ్వు దూరముండు" అని తరిమాను. నానబెట్టని ఎండు గింజల్ని కుండలో పోసి, టమాటాలు, బెల్లం, చింతపండు పులుసు అన్నీ ఒకేసారి దిమ్మరించి, మూత మీద కూడా నిప్పులు పేర్చాను. పులుపు ముందే పడితే గింజ ఉడకదని పెద్దమ్మకు తెలుసు. చెప్పనిస్తేగా! మధ్యాహ్నానికి గరిటె తిప్పితే గజ్జెల చప్పుడు. సాయంత్రానికీ అవే గజ్జెలు. నేనారోజు తగలేసిన బొగ్గుతో గూడ్సు బండి హైదరాబాదు పోయి వచ్చేది. "ఏందన్నా, చిక్కుడు వండుతున్నవా, కంకర వండుతున్నవా?" అని క్వార్టర్ల లైనంతా వచ్చి పలకరించింది.

చివరికి గిన్నెలో పోసి పెదనాన్న ముందు పెట్టాను. ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. టక్కుమంది. పెద్దమ్మ కొంగు కళ్ళదాకా పోయింది. పెదనాన్న ఆ గింజను కిటికీలోంచి ఉమ్మాడు. అది పోయి పక్కింటి కోడికి తగిలింది, ఆ వారమంతా కోడి గుడ్డు పెట్టలేదు. తర్వాత గిన్నెలో వేలు ముంచి నాకి, కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

"గింజ నీదేరా పోరగా. పులుసు మాత్రం దొరదే," అన్నాడు. పెద్దమ్మవైపు తిరిగి, "ఏమేవ్, జల్దీ గింత అన్నం పెట్టు."

పులుసు కలుపుకుని అన్నం తింటూ, అడ్డమొచ్చిన గింజనల్లా కిటికీలోంచి ఉమ్ముతూ, కంచం ఖాళీ చేశాడు. ఆ ఉమ్మిన గింజలే కంచె పొడుగునా మొలిచి, మరుసటేడు మా క్వార్టర్ని కప్పేశాయి.

ఇక మాటిచ్చిన లెక్క. గుడిసె, గూడ్సు బండి, కోడి... అవి రుచి కోసం కాస్త ఎక్కువ పడిన ఉప్పూకారాలు. పూర్తిగా నేను పుట్టించింది ఆ మొలకలే. పొద్దంతా పొయ్యి మీదున్న గింజ ఎంత మొండిదైనా మొలవదు. మూటలో మిగిలినవాటిని, కాళ్ళలో సత్తువ వచ్చాక, పెదనాన్నే కంచె పక్కన స్వయంగా వేశాడు. మరుసటేడు కాయలు వేలాడుతుంటే కోయబోయాను.

"ఆగు పోరగా! ఆకులక్కను రానీ. పండుగైందని ఆమె చెప్పనీ," అన్నాడు.

ఒక చేతిలో గిన్నె, ఇంకో చేతిలో బెల్లం ముక్క, ఈసారి దొరే దిగొచ్చి వంట నేర్చుకుంటాడన్న ధీమాతో ఆ కుర్ర గుమాస్తా పందిరి కింద అలాగే నిలబడ్డాడు. వాణ్ణి తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది, ఆకలీ వేస్తుంది.