క్రేన్ ఎక్కనివాడికి పాస్

రెండేళ్ల క్రితం అబుదాబి ఐకాడ్ పారిశ్రామికవాడలో, ఒక ఫ్యాక్టరీలో స్టోర్ గుమాస్తాగా ఉన్నాను. భద్రతా పరీక్షను కంప్యూటర్‌కు అప్పగించారు. అది తెలుగులో ప్రశ్న అడుగుతుంది, మనం నోటితో జవాబు చెప్పాలి. తప్పితే పని పోతుంది.

పదేళ్లుగా క్రేన్ నడుపుతున్న జగిత్యాల మల్లన్న రెండుసార్లు తప్పాడు.

"గాలి జోరుగ కొడితే బరువు లేపద్దు, కిందికి దించాలె అని జెప్పిన. ఇంకేం జెప్పాలె తమ్మీ?" అన్నాడు నాతో.

"ఇతనికి తెలుగే రాదంటోంది మిషన్. ఖలాస్!" అని మేనేజర్ తేల్చేశాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ మిషన్ ముందు కూర్చుని మల్లన్న మాటనే, మా ఊరి గ్రంథాలయంలో నేర్చిన పుస్తకాల తెలుగులో చెప్పాను. పాస్! జన్మలో నేను క్రేన్ ఎక్కలేదు.

"మరి రేపట్నుంచి నేను నడపనా, ముదీర్ సాబ్?" అని మేనేజర్‌ను అడిగాను.

పక్కనే ఉన్న, మలేషియా నుంచి వచ్చిన సేఫ్టీ ఆఫీసర్ వచ్చీరాని హిందీలో అన్నాడు: "మా కెలాంతన్ వైపు మలయ్ యాస కూడా దీనికి రాదు. మా అమ్మ మాట్లాడినా తప్పే అంటుంది. యల్లా, పద మల్లన్నా, క్రేన్ ఎక్కి చూపించు."

మల్లన్న ఎక్కి చూపించాడు, ఉద్యోగం నిలబడింది. నా పాస్ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. నా చదువుకు నేను సిగ్గుపడింది ఆ ఒక్కరోజే.