రూతమ్మ సాక్ష్యం

ఎవరికీ చెప్పని మాట ఒకటి ఏళ్ల తరబడి నాలో ఉండిపోయింది. అన్నం తినేటప్పుడు గుర్తొస్తుంది. బడిలో పాఠం చెబుతుంటే గుర్తొస్తుంది. గుడిలో, అంటే మా చర్చిలో, మోకరించి రొట్టె అందుకునేటప్పుడైతే చేయి వెనక్కి లాగేసుకోవాలనిపిస్తుంది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు అడగకండి. జహీరాబాద్‌లో ఇంగ్లీషు చెప్పే టీచర్ని, అంతవరకు చాలు.

మా డయాసిస్‌లో, అంటే ఒక బిషప్ కింద ఉండే మా ప్రాంతపు చర్చిలన్నిటికీ, బిషప్ గారు రిటైరయ్యాక ఆ కుర్చీ కోసం రెండు వర్గాలు కోర్టుకెక్కాయి. ఒకరు నిలబెట్టిన మనిషిని ఇంకొకరు ఒప్పుకోరు. పిల్లలకు కన్ఫర్మేషన్ ఇచ్చి సంఘంలో చేర్చుకునేవారు లేరు. కొత్త పాస్టర్లకు అభిషేకం చేసేవారు లేరు. ఆదివారం గుడి గేటు దగ్గర పోలీసులు నిలబడే రోజులొచ్చాయి. చివరికి విసిగిపోయిన పెద్దలు కొందరు కలిసి, మా గొడవ తేలేదాకా మీరొచ్చి మమ్మల్ని చూసుకోండి అని విదేశాల్లోని ఆంగ్లికన్ సంఘాల పెద్దలను బతిమాలుకున్నారు. అలా తూర్పు ఆఫ్రికా నుంచి ఒక ముసలి బిషప్ వచ్చారు. కొన్నాళ్లే ఉంటానని ముందే చెప్పారు. ఆయనకు తెలుగు రాదు. మా ప్రాంతంలో తర్జుమా చేయడానికి నన్ను పిలిచారు.

మా అన్న ఒక వర్గానికి నాయకుడు. అది అందరికీ తెలుసు. అయినా రెండో వర్గం వాళ్లు కూడా, టీచరమ్మ ఉన్నదున్నట్టే చెబుతుంది అని ఒప్పుకున్నారు. ఆ మాట విని ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

బిషప్ మా దగ్గర చేపట్టిన విచారణ దేవసహాయం అయ్యగారి మీద. ఆయన న్యాల్‌కల్ వైపు ఒక చిన్న ఊళ్లో పాస్టరు. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు ఊరివాళ్లు ఈత మట్టలు పట్టుకొని పాడుకుంటూ గుడికి వచ్చేసరికి తలుపుకు తాళం ఉంది. అక్కడ కొట్లాట జరిగింది. అయ్యగారి చేయి విరిగింది. తాళం ఆయనే వేసి గొడవ పెట్టాడని మా అన్న వర్గం అంది. తాళం వేసింది మీరేనని ఆయన అన్నారు. ఎటూ తేలక బిషప్, ఏ వర్గానికీ చెందని మనిషి ఎవరైనా ఉంటే పిలవమన్నారు. అందరూ రూతమ్మ పేరే చెప్పారు. అల్లం చేలల్లో కూలికి పోతూ, గుడి ఊడ్చి దీపం పెట్టే విధవరాలు. ఎవరి జోలికీ పోని మనిషి.

ఆ రోజు అన్న తన స్కూటర్ మీద నన్ను విచారణ జరిగే చోట దింపాడు. దిగుతుంటే ఒక్క మాటన్నాడు. "జర చూసి చెప్పు చెల్లె."

అంతకు మించి ఏమీ అనలేదు. నన్ను అబద్ధమాడమని అడగలేదు. ఇన్నేళ్లూ ఆ సంగతే నన్ను ఎక్కువ బాధ పెట్టింది. అడిగి ఉంటే తప్పులో సగం వాడి మీద వేసేదాన్ని.

గదిలో బిషప్, ఆయన వెంట వచ్చిన ఇంకో విదేశీ పాస్టరు, రూతమ్మ, నేను. సాక్షులు చెప్పేటప్పుడు మిగతావాళ్లు బయటే ఉండాలని ఆయన నియమం. రూతమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకొని కుర్చీ అంచున కూర్చుంది. జరిగింది చెప్పమ్మా అన్నాను. చెప్పింది.

"తాళం అయ్యగారు ఎయ్యలే పెద్దయ్యా. మేం వచ్చెవరకే తాళం ఉన్నది. జహీరాబాద్ నుంచి వచ్చినోళ్లు కట్టెలు పట్టుకొని నిలబడ్డరు. మమ్మల్ని కొట్టనీకి వస్తుంటె అయ్యగారు అడ్డం నిలబడ్డడు. చెయ్యి ఇరిగినా జరగలే. మా మీద ఒక్క దెబ్బ పడనియ్యలే." కాస్త ఆగి నా వైపు తిరిగింది. "తాళంచెవి ఈ బిడ్డ వాళ్ల అన్న జేబుల ఏసుకున్నడు. ఏమనుకోకు బిడ్డా, ఉన్నది చెప్తున్న."

 పోలీసులు, కేసు, అన్న ముఖం, వదిన ముఖం అన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. నాన్న పోయాక నన్ను సైకిల్ మీద కాలేజీకి దింపి, సాయంత్రం గేటు దగ్గర ఎండలో నిలబడి ఎదురుచూసినవాడు మా అన్న. నోరు తెరిచాను. తలుపుకు తాళం ఉందట, పాస్టరు జనానికి అడ్డుపడ్డాడట, ఆ గొడవలో చేయి విరిగిందట అని ఇంగ్లీషులో చెప్పాను. అడ్డం నిలబడటం అంటే కాపాడటం అని రూతమ్మ చెప్పింది. దారి ఆపడం అని నేను చెప్పాను.

బిషప్ నన్నే చూశారు. "ఆమె చాలాసేపు మాట్లాడింది. ఇంతేనా?"

"ఇంతే," అన్నాను.

"తాళం వేసింది పాస్టరేనా అని అడుగు."

నేను రూతమ్మ వైపు తిరిగాను. ఇక్కడ ఆగిపోయి ఉండవచ్చు. తడబడ్డానని చెప్పి మొదటినుంచీ సరిగ్గా చెప్పి ఉండవచ్చు. నేను తెలుగులో ఆమెను అడిగింది ఇది: "అయ్యగారు తలుపు దగ్గర్నే ఉన్నడా?"

"ఉన్నడు బిడ్డా," అని రూతమ్మ గట్టిగా తలూపింది. "తలుపు దగ్గర్నే ఉన్నడు. యాడికీ పోలే."

ఆ తల ఊపడం బిషప్ చూశారు. అవునంటోంది అని నేను చెప్పాను.

బయటికొచ్చాక ఆమె నా చేయి పట్టుకుంది. కూలి పని చేసి గట్టిపడిన అరచేయి. "నేను చెప్పింది పెద్దయ్యకు సమజైందా బిడ్డా?"

"సమజైందమ్మా."

"ఇంక అయ్యగార్ని ఏమనరు గద."

చేయి విడిపించుకొని నడిచాను. అన్న స్కూటర్ స్టార్ట్ చేసి ఎదురుచూస్తున్నాడు.

బిషప్ తీర్పును ఆ ఊరి గుడిలోనే తెలుగులో చదివి వినిపించారు. రూతమ్మ సాక్ష్యాన్ని బట్టి దేవసహాయం గారిని ఆరాధన నడిపే బాధ్యత నుంచి తప్పిస్తున్నామని. ఆయన పాస్టరు ఇల్లు ఖాళీ చేసి బీదర్ పోయి, అక్కడ ఒక హాస్టల్లో వార్డెన్‌గా చేరారు. అబద్ధపు సాక్ష్యం చెప్పి అయ్యగారిని పంపించేశావని ఊరు రూతమ్మ మీద పడింది. నేను గట్ల చెప్పలే అని ఆమె ఇంటింటికీ తిరిగి చెప్పుకుంది. ఎవరు నమ్ముతారు? ఇంగ్లీషు టీచరమ్మ తప్పు చెప్తదా అన్నారట. గుడి ఊడ్చే పని ఇంకొకరికిచ్చారు. గుడిలో ఆమె కూర్చున్న చాప మీద ఎవరూ కూర్చునేవారు కాదు. కొన్నాళ్లకు ఆమే రావడం మానేసింది.

ఒకసారి మా బడికి వచ్చింది. నన్ను తిట్టడానికేమో అనుకున్నాను. "నేనే ఏమన్న తప్పు మాట్లాడిన్నా బిడ్డా?" అని అడిగింది. మీ తప్పేం లేదు, వాళ్లే అట్ల అర్థం చేసుకున్నరు అన్నాను. అంటే ఆ ముసలి బిషప్ మీద కూడా నింద వేశాను. ఆమె నన్ను అనుమానించలేదు. నీళ్లు తాగి వెళ్లిపోయింది.

ఇదంతా అన్న కోసమేనా? అలా అని చాలాకాలం నన్ను నేను ఓదార్చుకున్నాను. కానీ ఆ గదిలో రెండు భాషలూ అర్థమయ్యేది నాకొక్కదానికే. ఎవరికి ఏం తెలియాలో నా చేతిలో ఉంది. భయంతో పాటు ఆ పట్టు కూడా నాకు నచ్చిందేమో. లేకపోతే అంత తెలివైన ప్రశ్న నాకు అంత త్వరగా ఎలా తట్టింది?

విదేశీ బిషప్ తన దేశం వెళ్లిపోయారు. తర్వాత మాకు సొంత బిషప్ వచ్చారు. రెండు వర్గాలూ ఇప్పుడు ఒకే పెళ్లిళ్లలో పక్కపక్కనే భోంచేస్తున్నాయి. అన్నా నేనూ ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు.

పోయిన వానాకాలంలో రూతమ్మ చనిపోయింది. ఆమెను సమాధి చేసేటప్పుడు వెళ్లాను. పట్టుమని పదిమంది లేరు. దేవసహాయం అయ్యగారు బీదర్ నుంచి బస్సులో వచ్చి ప్రార్థన చేశారు. అందరూ వెళ్లాక ఆయన దగ్గరికి పోయి, తడి మట్టిలో నిలబడి చెప్పేశాను.

"అయ్యగారు, రూతమ్మ మీ మీద చెప్పలేదు. మీరు కాపాడిన్రనే చెప్పింది. నేనే మార్చి చెప్పిన."

 ఆయన నెమ్మదిగా అన్నారు. "ఊరు ఇడిసిపెట్టే ముందు ఆమె ఇంటికి పోయిన టీచరమ్మా. నిన్ను క్షమించిన రూతమ్మా అని చెప్పిన."

"ఆమె ఏమన్నది?"

"నేను చెప్పలే అయ్యగారు అని ఏడ్చింది. ఇంకా ఎందుకమ్మా అబద్ధం అన్న.  ఆ తర్వాత ఎన్నిసార్లు కబురు పంపినా రాలే."

నన్ను కూడా క్షమించండి అని అనబోయాను. ఆయన చేయి ఎత్తి ఆపారు. తిన్నగా చాపుకోలేని ఆ చేయి. "ఇప్పుడు నాతోటి కాదమ్మా," అన్నారు. వెనక్కి తిరిగి, సమాధి దగ్గర బట్టలు తడుస్తున్నా మోకాళ్ల మీద కూలబడి, ఆమెతో ఏదో చెప్పుకున్నారు. నాకు వినపడలేదు. వినే హక్కు నాకు లేదు. లేచాక నన్ను దాటుకొని రోడ్డు మీదికి వెళ్లిపోయారు.

ఆయన క్షమించలేదు. క్షమించమని అడగడానికి రూతమ్మ లేదు. ఆ ఊరి గుడిలో నిలబడి ఇది చెప్పాలి, చెబుతాను. మా అన్న ఇది చదివితే నన్ను గుర్తుపడతాడు. పట్టనీ. రూతమ్మ నిజమే చెప్పింది. అబద్ధం చెప్పింది నేను. ఈ రెండు ముక్కలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.  ఇప్పుడు ఊపిరి కాస్త ఆడుతోంది.