పాత పంచె వెనక వెలుతురు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా చెల్లెలి కూతురు శ్రీకాకుళం నుంచి ఫోన్ చేసింది. ఈ మధ్య అది ఇంట్లో ముందుగది ఖాళీ చేసుకుని చంటిపిల్లలకి ఫొటోలు తీయడం మొదలుపెట్టింది. లైటు ముఖం మీద మెత్తగా పడడానికి ముందు తెల్లగుడ్డ బిగించిన డబ్బా ఒకటి ఉంటుంది కదా, అది కావాలట. అట్టపెట్టెతో, తెల్లకాగితంతో ఇంట్లోనే చేసుకోవచ్చని ఫోనులో ఎవరెవరో చూపిస్తున్నారట, చేసుకుంటే మంచిదా కొనుక్కుంటే మంచిదా, పెదనాన్నని ఒక్కసారి అడిగి చెప్పు పెద్దమ్మా అంది. మా ఆయన పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నారు, అంతా వినపడే ఉంటుంది, కానీ ముఖం ఇటు తిప్పలేదు. కొనుక్కోమ్మా, అదే సుఖం, అని చెప్పి ఫోన్ పెట్టేశాను. అప్పటినుంచి మనసు కుదురుగా లేదు. అంత చిన్న ప్రశ్న చుట్టూ మా ఇద్దరి బతుకూ ఎలా తిరిగిందో ఆ పిల్లకి చెప్పినా తెలియదు, నా ఈడువాళ్ళకయితే తెలుస్తుందేమోనని రాస్తున్నాను.

మాది చీపురుపల్లి దగ్గర పల్లె, వరీ నువ్వులూ పండించుకునే ఇల్లు. పెళ్ళయి నరసన్నపేట వచ్చేనాటికి మా ఆయన పాత బస్టాండు దగ్గర ఒక బట్టల కొట్టు మేడ మీద స్టూడియో నడుపుతున్నారు. పొడుగాటి గది, ఒక పక్క నీలం తెర, ఒక మూల అద్దమూ దువ్వెనా పౌడరు డబ్బా, రెండు హేలోజన్ లైట్లు. ఆడవాళ్ళు వస్తే జడ సర్దడానికి, కుచ్చెళ్ళు సరిచేయడానికి మనిషి కావాలని నన్ను రమ్మన్నారు, అలా వెళ్ళినదాన్ని ఆ గదిలోనే నా వయసంతా గడిపాను. సముద్రం వైపు ఊళ్ళనుంచి చేపలు పట్టేవాళ్ళ కుటుంబాలు ఎక్కువగా వచ్చేవి. ఎండకీ ఉప్పుగాలికీ నిగనిగలాడే నల్లని ముఖాలు వాళ్ళవి, వాటి మీద హేలోజన్ లైటు సూటిగా కొడితే నుదురూ ముక్కూ తెల్లగా మెరిసిపోయి, కళ్ళూ బుగ్గలూ గుంటల్లోకి వెళ్ళిపోయేవి. ఫొటో చూసుకుని వాళ్ళు ఏమీ అనేవారు కాదు, తమ ముఖాలే అంత అనుకుని తీసుకుపోయేవారు. వాళ్ళలా నోరెత్తకుండా వెళ్ళిపోవడమే మా ఆయనకి నచ్చేది కాదు.

ఆయన చేసిన పరికరం చూస్తే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. చేపల గంపలు అల్లేవాళ్ళ దగ్గర చీల్చిన వెదురు బద్దలు తెచ్చి, తలుపంత చట్రం కట్టి, దాని మీద మా మావగారి పాత పంచె బిగించారు. కొత్తగుడ్డ అయితే వెలుతురు దానికి తగిలి వెనక్కి పోతుంది, ఉతికి ఉతికి నలిగిన గుడ్డలోంచయితే నానుతూ వస్తుంది అనేవారు. ఆ చట్రం వెనక కాస్త దూరంగా లైటు, రెండో పక్క నీడ పలచబడడానికి ఒక థర్మోకోల్ పలక. ఆ పలక చేపలకి ఐసు వేసి పంపే పెట్టె మూత, ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా వాసన పోయేది కాదు. సముద్రం వైపువాళ్ళకి ఆ వాసన పట్టేదే కాదు, మా చీపురుపల్లి చుట్టాలు వస్తే మాత్రం ముక్కు దగ్గర కొంగు పెట్టుకుని ఫొటో తీయించుకునేవారు. పలక పట్టుకుని నిలబడడం నా పని. అలా నిలబడి నిలబడే, బుగ్గ మీద వెలుతురు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ జారి మెడ మీదకి దిగుతుందో చూడడం నాకూ అలవాటయింది. ఒక ముసలమ్మ, కొడుకు బలవంతం మీద మేడ ఎక్కి వచ్చి తీయించుకున్నావిడ, ఫొటో చేతికిచ్చాక చాలాసేపు చూసి, ఇది నా మొకవేనేటి బావూ, అచ్చం మాయమ్మలాగున్నాను, అంది. మా ఆయన ఆ రోజంతా అన్నం సరిగ్గా తినలేదు, సంతోషం వస్తే ఆయనకి ఆకలి ఉండేది కాదు.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. రంగుల ఫొటోలు వచ్చాక హేలోజన్ వెలుతురుకి ముఖాలు పసుపు కొట్టేవి, వేసవిలో ఆ వేడికి పౌడరు చారలు కట్టి కారేది, పిల్లలు ఏడుపు లంకించుకునేవారు. ఈలోగా మా వీధి చివర కొత్త స్టూడియో ఒకటి తెరిచి, మెరుపు లైట్లు, వెండిరంగు గొడుగులు, గుడ్డ డబ్బాలు అన్నీ కొన్నవే పెట్టారు. విశాఖపట్నంలో కెమెరా సామాన్ల కొట్టులో పనిచేసే మా తమ్ముడు వచ్చినప్పుడల్లా బావా, ఇంకా ఈ గుడ్డలూ కర్రలూ ఏటి, అని మొదలుపెట్టేవాడు. నేనూ వాడి పక్షమే. మనుషులు చెమటలు కారకుండా, హాయిగా కూర్చుని ఫొటో దిగాలనుకోవడంలో నాకు తప్పు కనిపించలేదు, ఇప్పటికీ కనిపించదు. ఆయన మాత్రం ఏదో ఒక వంక చెప్పి దాటేసేవారు. డబ్బాలోంచి వచ్చే వెలుతురు నునుపుగా ఉంటాది గానీ మనిషి ఉండడు అని ఒకసారి, ఆ మెరుపు పడ్డాక గానీ ఎక్కడ పడిందో తెలీదు, ముందు తెలియాలి కదా అని ఇంకోసారి. రెండో మాటలో ఏముందో అప్పుడు ఇంట్లో ఎవరం పట్టుకోలేదు.

చివరికి ఒప్పుకున్నారు, కొన్నాం. మా తమ్ముడే తెచ్చి బిగించాడు. నల్లగుడ్డ డబ్బా, ముందు పాలలాంటి తెల్లటి తెర, వెలుతురు ఎటు పడుతుందో ముందుగా చూపడానికి లోపల సన్నటి బల్బు ఒకటి, మీట నొక్కితే మెరుపు. గది చల్లగా ఉండేది, పిల్లల ఏడుపులు తగ్గాయి, నాకు పండగలా అనిపించింది. వెదురు చట్రం గోడవైపు తిప్పి పెట్టాను. కానీ ఫొటోలు వచ్చేసరికి ఏదో తేడా. ఒకరికి చెవి మీద వెలుతురు, ముఖం మీద నీడ. ఇంకొకరికి మెడ తెల్లగా, కళ్ళు చీకటిగా. కొత్త సామాను కదా, చెయ్యి తిరగలేదనుకున్నాం. నేను పక్కన నిలబడి కాస్త ఇటు, కాస్త అటు అని చెప్తే కసిరేవారు, అంతకుముందెప్పుడూ ఆయన నన్ను స్టూడియోలో కసిరినవారు కారు.

అలాంటి రోజుల్లో సముద్రం వైపునుంచి ఒకతను తండ్రిని తీసుకొచ్చాడు. ముసలాయనకి ఒంట్లో బాగులేదు, విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్తూ, దారిలో మా దగ్గర ఆగి, ఇద్దరికీ కలిపి ఒక ఫొటో తీయమన్నాడు. ముసలాయన్ని మెట్లమీద ఎత్తుకునే తెచ్చాడు. నేను తలుపు దగ్గర వేరే వచ్చినవాళ్ళతో మాట్లాడుతున్నాను, మా ఆయన ఒక్కరే సర్ది తీశారు. కొన్నాళ్ళకి అతను ఒక్కడే వచ్చి కవరు తెరిచి చూసుకుని, బల్లమీద పెట్టేశాడు. అరవలేదు, గొంతు కూడా పెంచలేదు. మాయయ్య మొకం కనపడ్డం లేదు బావూ, ఇంకోటి తీయించుకుందునంటే మాయయ్య లేడు, అన్నాడు. కొడుకు ముఖం మీద వెలుతురు చక్కగా పడింది, తండ్రి ముఖం ఒట్టి నల్లమరక. మా ఆయన ఆ ఫిల్ము పట్టుకుని శ్రీకాకుళంలో కలర్ ల్యాబుకి తానే వెళ్ళి, ముఖం తేల్చమని సాయంత్రందాకా కూర్చున్నారు. తేల్చినకొద్దీ బూడిదరంగు తప్ప కళ్ళు రాలేదు. మర్నాడు అతను మళ్ళీ వచ్చి ఆ బూడిదరంగు ఫొటోనే కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

ఆ మధ్యాహ్నమే స్టూడియో మూసి, లోపలి బల్లమీద కూర్చుని ఆయన నాతో చెప్పారు. సూపు పక్కలనుంచి పోతన్నాదే, సానాళ్ళయింది, ఎదురుగా ముక్కు ఒకటే కనపడతాది, బుగ్గలు నేను ఎతుక్కోవాలి, అన్నారు. మరి ఇన్నాళ్ళూ ఎలా తీశారండి అంటే కుడిచెయ్యి ఎత్తి, గాలిలో ఎవరిదో బుగ్గ ఉన్నట్టు దాని పక్కన అరచేతిని ఆనించారు. అప్పుడు నాకు అర్థమయింది. మనిషిని కూర్చోబెట్టాక, చట్రం ముందుకీ వెనక్కీ జరుపుతూ, ఆ మనిషి ముఖం చుట్టూ చేతిని తిప్పడం ఆయనకి అలవాటనుకునేదాన్ని. ఆయన వేడి చూసుకునేవారన్నమాట. పంచె గుడ్డలోంచి హేలోజన్ వేడి ఏ మేర చేతికి తగిలితే వెలుతురు ఎంత పడుతుందో, ఎక్కడ వేడి తగ్గితే అక్కడ నీడ మొదలవుతుందో ఆయనకి చేతికి తెలిసిపోయేది. దీని ముందు సెయ్యెడితే ఏటీ తెలీదే, అన్నారు డబ్బా వైపు చూసి.

విశాఖపట్నంలో కంటి డాక్టరుగారు చాలాసేపు పరీక్ష చేసి, కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరాన్ని తినేసిందనీ, పోయిన చూపు రాదనీ, ఉన్నది కొన్నాళ్ళు నిలబెట్టడానికి చుక్కలు వేసుకోవాలనీ చెప్పారు. తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్క సీటు నాకిచ్చేశారు. ఎప్పుడూ కిటికీ పక్క ఆయనే కూర్చునేవారు.

మళ్ళీ వెదురు చట్రం ఇటు తిప్పాం. పాత పంచె చిరుగులు పడితే కొత్తది ఒకటి పదేపదే ఉతికి నలగ్గొట్టాను. వేడి ఆయన చూసేవారు, నీడ నేను చూసేదాన్ని. ముక్కు నీడ పెదవి మీదకి వచ్చిందండి అంటే చట్రం కాస్త ఎత్తేవారు. వచ్చేవాళ్ళు తగ్గిపోయారు, వీధి చివరి స్టూడియోలో చల్లగా ఉంటే మా దగ్గర చెమటలు పోయించుకోవడానికి ఎవరొస్తారు. వచ్చిన కొద్దిమందికీ మాత్రం, గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, ఆ కొన్నేళ్ళలో తీసినంత మంచి ఫొటోలు మేము ముందెన్నడూ తీయలేదు. అది మిగిలిన చూపు ఖర్చుపెట్టి చేస్తున్న పని అని ఇద్దరికీ తెలుసు. చుక్కలు వేస్తూనే ఉన్నాను, చూపు తగ్గుతూనే ఉంది. వెలుతురు ఏ పక్కనుంచి వస్తోందో చెప్పగలిగే మనిషి మెల్లగా తలుపెక్కడుందో అడగడం మొదలుపెట్టారు.

తరవాత ఆ హేలోజన్ బల్బులు దొరకడం మానేశాయి. ఒకటి మాడితే నరసన్నపేటలో లేదు, శ్రీకాకుళంలో లేదు, మా తమ్ముడు విశాఖపట్నమంతా తిరిగి ఎక్కడో పాతసరుకులో ఒకటి పట్టుకొచ్చాడు, అదీ కొన్నాళ్ళే. అందరూ చల్లటి ఎల్ఈడీ పలకలకి మారిపోయారు. వాడే ఒకటి తెచ్చి, బావా, ఇది మెరుపు కాదు, వెలుగుతూనే ఉంటాది, నీకు పనికొస్తాది, అని ఆశగా చట్రం వెనక పెట్టాడు. ఒక తల్లీ కూతురూ వచ్చారు ఆ రోజు. తల్లిని కూర్చోబెట్టి, నేను మీట వేశాను. గదంతా తెల్లగా అయింది, పంచె గుడ్డ పోగుపోగూ కనిపించేంత వెలుతురు. మా ఆయన ఆవిడ బుగ్గ పక్కన చెయ్యి పెట్టి నిలబడ్డారు. చెయ్యి తిప్పి మళ్ళీ పెట్టారు. లైటు ఏసేవా, అని అడిగారు నన్ను. వేశానండి అన్నాను. ఆవిడ ఏమీ తెలియక చిరునవ్వుతో కదలకుండా కూర్చుంది. ఆయన చెయ్యి దించి, కెమెరా మెడలోంచి తీసి నా చేతికిచ్చి, నువ్వు తియ్యి, అన్నారు. నేనే తీశాను. బాగానే వచ్చింది. ఆ నెల దాటకుండానే మేడగది తాళాలు బట్టల కొట్టువాళ్ళకి అప్పగించేశాం.

ఇప్పుడు ప్రతి చేతిలో ఫోను, ప్రతి ఫోనులో మంచి ముఖం. నల్లటివాళ్ళు నల్లగా రావాలో తెల్లగా రావాలో అదే తేల్చేస్తోంది, పక్కన పలక పట్టుకుని నిలబడేవాళ్ళు అక్కర్లేదు. మంచిదే, ఎవరి ముఖమూ మరకగా మిగిలిపోదు. కానీ ఒక మనిషి ముఖం ఎలా ఉందో తెలుసుకోవడానికి ఇంకో మనిషి అంత దగ్గరగా వచ్చి, అంతసేపు ఊపిరి బిగబట్టి నిలబడడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. స్టూడియో మూసిన కొత్తలో సాయంత్రాలు వీధి అరుగు మీద కూర్చున్నప్పుడు ఆయన నన్ను అడుగుతుండేవారు, ఎదురింటి కోడలు గుమ్మంలో నిలబడ్డాదా, ఎలుతురు ఏ బుగ్గ మీద పడతన్నాది, కంటికింద నీడ ఉన్నాదా, అని. నేను చూసి చెప్పేదాన్ని, ఆయన తల ఊపేవారు. ఈమధ్య అడగడం మానేశారు. ఎదురింటి కోడలు నిలబడుతూనే ఉంది, ఎండ ఆమె ఎడమబుగ్గ మీదకి దిగి, చెవి లోలాకు దగ్గర ఆగుతుంది. నాకు మాట నోటిదాకా వస్తుంది, అడగని మనిషికి ఎలా చెప్పను.