లోతు తప్పిన గజలక్ష్మి

గుడివాడలో భూషణం చెక్కిన తలుపులు తెలియనివాళ్ళు తక్కువ. అందులో సగం పనితనం సలాందని మాత్రం భూషణానికీ, అతని భార్య సూర్యకుమారికీ తప్ప ఎవరికీ పెద్దగా తెలియదు. సలాంది బందరు. వాళ్ళ నాన్న పెడనలో బట్టల మీద అద్దే చెక్క అచ్చులు చెక్కేవాడు. ఆ సన్నపని చేతిలో పెట్టుకుని, మీసాలు రాకముందే సలాం భూషణం కొట్లో చేరాడు. రోజూ బందరు నుంచి రైల్లో వచ్చి వెళ్ళేవాడు. పెద్ద ఉలి భూషణం పట్టేవాడు. ఏనుగు తొండం మీది ముడతలు, తామర రేకుల అంచులు సలాం దిద్దేవాడు. పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, బావా అంటే బావా అనుకుంటూ ఇద్దరూ నడివయసుకొచ్చారు.

2008లో భూషణం సీఎన్‌సీ రూటర్ కొన్నాడు. కంప్యూటర్లో బొమ్మ పెడితే, బల్ల మీద బిగించిన చెక్కను గిరగిరా తిరిగే బిట్టుతో తనే చెక్కుకుపోయే మిషన్ అది. కంప్యూటర్ దగ్గర భూషణం కూర్చునేవాడు. చెక్కను పరిచి బిగించడం, చెక్కాక ఉలితో మెరుగులు దిద్దడం సలాం వంతు.

"ఇక మన చేతులకి తీరుబడే బావా" అన్నాడు సలాం మొదటిరోజు. మామూలుగానే అన్నాడు. భూషణానికి అది ఎత్తిపొడుపులా వినబడింది.

ఆ వానాకాలంలో చల్లపల్లి నుంచి రైసుమిల్లు గంగాధరరావు గారి పని వచ్చింది. శ్రావణంలో గృహప్రవేశం. సింహద్వారం పైన పెట్టడానికి పొడవాటి టేకు పలక మీద గజలక్ష్మి కావాలి, అమ్మవారికి అటొక ఏనుగు, ఇటొక ఏనుగు. మిషన్ ఆగాక పలక మీది పొట్టు ఊది చూస్తే కుడివైపు ఏనుగు లోతుగా దిగింది. ఎడమవైపుది గోటితో గీరినట్టుంది.

భూషణం బిట్టు మార్చాడు. వేగం తగ్గించాడు. కంప్యూటర్లో బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. చెక్క వంగిందేమోనని దారం లాగి పట్టి చూశాడు. ఇంకో పలక పెట్టించాడు. అదీ అంతే.

గంగాధరరావు గారు పని ఎంతవరకొచ్చిందో చూడ్డానికి వచ్చి పలక ముందు నిలబడ్డారు.

"ఏంటి భూషణం గారూ, ఒక ఏనుక్కే మేత పెట్టారా?" అని నవ్వి వెళ్ళిపోయారు.

కొట్లో పనివాళ్ళు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. భూషణానికి తల కొట్టేసినట్టయింది. కోపమంతా తిన్నగా సలాం మీదికి మళ్ళింది.

"సరిగ్గా బిగిస్తే ఇలా ఎందుకొస్తుంది?"

"గట్టిగానే బిగించాను బావా."

"మరి చెక్క దానంతటదే లేచిందా? ఈ మిషన్ వచ్చిన దగ్గర్నుంచీ నీకు కడుపుమంట. ఇది చెడిపోతే మళ్ళీ ఉలి పట్టొచ్చని కదా నీ ఆశ."

సలాం తన ఉలులన్నీ గుడ్డతో తుడిచి సంచిలో సర్దుకున్నాడు.

"రైలు వేళయింది, వస్తాను" అన్నాడు.

మర్నాడు రాలేదు. భూషణం తన చేతులతోనే పలక బిగించాడు, మరలు అరచేతులు కందేదాకా తిప్పాడు. అయినా కుడివైపే, కిటికీ ఉన్న వైపే, లోతుగా దిగింది. అప్పుడు గాని అతనికి ఒక చిన్న ఆలోచన రాలేదు. ఆ పలకనే వెనక్కి తిరగేసి, కుడి కొసను ఎడమకు మార్చి బిగించి, రెండు కొసలా ఒక్కో చిన్న పువ్వు చెక్కించాడు. పలక తిరిగినా లోతు మారలేదు. మళ్ళీ కిటికీ వైపు పువ్వే లోతుగా పడింది. తప్పు చెక్కదీ కాదు, బిగింపుదీ కాదు.

పలక తీసేసి ఇనుప బద్దను బల్ల మీద ఆనించి చూశాడు. బల్లపై పరిచిన, చెక్కపొట్టు అదిమి చేసిన ఎండీఎఫ్ చెక్క కిటికీ పక్కన ఉబ్బి ఉంది. వానజల్లు తాగి లేచింది. పొట్టు బయటికి పోతుందని ఆ కిటికీ రెక్కలు ఊడదీయించింది భూషణమే.

కొత్త చెక్క వేసి, మిషన్‌తోనే దాని పైపొరంతా ఒక్క మట్టానికి గీయించాడు. కిటికీకి రెక్కలు పెట్టించాడు. ఈసారి రెండు ఏనుగులూ సమంగా వచ్చాయి. పలకను తిప్పి చూడ్డానికి పూట కూడా పట్టలేదు. ఆ పని సలాంని అనకముందే చేసి ఉంటే, అనుకుని అక్కడే కూలబడ్డాడు.

"రేపే వెళ్ళి సలాం అన్నయ్యని తీసుకురండి" అంది సూర్యకుమారి.

"పలక అప్పజెప్పి వెళ్తాలే."

పలక అప్పజెప్పాడు. ఆ వెంటనే ఇంకో పని తగిలింది. నిజానికి పని ఒక సాకు, మొహం చెల్లక వెళ్ళలేదు. దసరా దాటాక బందరు బస్సెక్కాడు. సలాం ఊరి పక్కనే గిలకలదిండిలో చెక్క పడవలు తయారుచేసే చోట పనిచేస్తున్నాడు. ఇంటికి తీసుకెళ్ళాడు. సలాం భార్య జోహ్రా చేపల పులుసుతో అన్నం పెట్టింది. భూషణం బల్ల ఉబ్బిన సంగతంతా చెప్పాడు, కిటికీ, జల్లు, ఇనుప బద్ద, ఏదీ వదల్లేదు.

సలాం శ్రద్ధగా విన్నాడు. "దొరికిందిగా, మంచిదేనండీ భూషణం గారూ" అన్నాడు.

బావా అనకపోవడం భూషణం గమనించాడు. మళ్ళీ కొట్టుకి రమ్మని అడిగాడు. ఇక్కడ బాగానే ఉందండీ, ఇంటికి దగ్గర అన్నాడు సలాం. తిరుగు బస్సు పెడన దాటాక భూషణానికి తెలిసొచ్చింది, మిషన్ తప్పు పూసగుచ్చినట్టు చెప్పాడు గాని తన తప్పు ఒక్క ముక్క చెప్పలేదని.

మిషన్ బాగా నడిచింది. తలుపులన్నీ ఒకేలా వచ్చేవి. సలాం దిద్దే మెరుగు లేదని కొనేవాళ్ళెవరూ అడగలేదు. కొట్లో ఆ లోటు కనబడేది ఒక్క భూషణానికే.

మరుసటేడు సలాం కూతురు రుబీనా పెళ్ళికి పిలుపొచ్చింది. భూషణం దంపతులు వెళ్ళారు. షామియానా పక్కన సలాం ఒంటరిగా దొరకగానే భూషణం అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ రోజు నిన్నలా అనకుండా ఉండాల్సింది సలాం. తప్పు నాదే."

సలాం రెండో చెయ్యి కూడా వేసి అతని చేతిని మెత్తగా నొక్కాడు.

"పెళ్ళింట్లో అవన్నీ ఎందుకండీ. ముందు భోంచేయండి" అని, అప్పుడే దిగుతున్న మగపెళ్ళివారికి ఎదురెళ్ళాడు.

సూర్యకుమారి పిలిస్తే భూషణం వెళ్ళి బంతిలో కూర్చున్నాడు.