మైకులో మొగుడి పేరు

కంబైనల్లూరులో బస్సు దిగి చావింటి వైపు నాలుగడుగులు వేసిందో లేదో, ముత్తమ్మాళ్ నడిరోడ్డు మీద కొయ్యబారిపోయింది. లౌడుస్పీకరులో ఎవరో ఆడమనిషి శోకాలు పెడుతోంది. ఆ గొంతు తనదే.

ధర్మపురిలో ఇళ్ళు కట్టేచోట సిమెంటు తట్టలు మోసే మనిషి ఆమె. యంత్రమంటే బెదిరే రకం కాదు. రేషను కొట్టు మిషను వేలిముద్ర పట్టకపోతే వేలు కొంగుకు తుడిచి మళ్ళీ నొక్కుతుంది. గుళ్ళో పూజారి స్విచ్చి వేస్తే డప్పూ గంటా వాటంతటవే మోగడం చూసి, "సామికి ఇది మేలే, తాగొచ్చి వాయించదు" అని నవ్వింది కూడా. పెళ్ళికీ జాతరకీ వచ్చిన యంత్రం చావుకు మాత్రం ఎందుకు రాదు? అరువు గొంతులతో ఏడ్చే జనం లోకంలో చాలా చోట్లే ఉన్నారు. కూలి పుచ్చుకుని ఏడ్చేవాళ్ళు ఎడారుల్లోనూ ఉన్నారు, సముద్రపొడ్డునా ఉన్నారు. అయితే ఆ కూలి ఏడుపు కూడా ఏ ఇంట్లో చావుకు ఆ ఇంటి పేరే చెప్పుకుంటుంది.

ఇక్కడ అలా కాదు. "నన్ను నడివీధిలో నిలిపి పోతివా, ఎల్లప్పా!" అంటోంది స్పీకరు.

ఎల్లప్పన్ ఆమె మొగుడు. తాపీమేస్త్రీ. నిరుడు పోయాడు.

వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళాం మొగుడి పేరు పలకదు. కాపురమంతా "ఇదిగో", "మా ఇంటాయన" అంటూనే గడిచింది. ఆసుపత్రిలో అడిగితే పక్కనున్న ఆవిడను గిల్లి చెప్పించింది. పీనుగను లేపే ముందు మాత్రం పేరు పెట్టి పిలిచి ఏడవచ్చు. బతుకులో అదొక్కసారే. ఆ ఒక్కసారినీ ఎవడో ఫోనులో పట్టాడు.

ఎవడో కాదు. చావింటి ముందుకొచ్చి చూస్తే, పందిట్లో మైకుసెట్టు పక్కన కూర్చున్న వేల్మురుగన్, ఆమె అన్న కొడుకే.

"రేయ్ మురుగా! ఏందిరా ఇది?"

"నువ్వు ఏడ్చినట్ల ఎవురు ఏడుస్తారత్తా? మనోళ్ళ వాట్సాప్ గ్రూపులో అందురూ అడిగినారు. పాపిరెడ్డిపట్టిలో చావుకు ఏసినాను, పెరియంపట్టిలో ఏసినాను. జనం ఒకటే ఏడుపు!"

"నా మొగుణ్ణి ఊరూరా చంపినావు గదరా!"

"ఒకసారి పోయినాయన మళ్ళా యాడ పోతాడత్తా..." అని నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

"ఆపు."

ఆపాడు. లోపల శవం దగ్గరి నుంచి అంజలై జుట్టు విరబోసుకుని బయటికొచ్చింది. ముత్తమ్మాళ్‌తో పాటు తట్టలు మోసే పిల్ల. పోయిన మాదప్పన్ పెళ్ళాం.

"ఆపొద్దని చెప్పక్కా. నిన్నటి నుంచీ నాకు గొంతు లేస్తా లేదు. ఈ కండ్లు రాళ్ళయిపోయినాయి. నీ గొంతు ఇన్నాకే ఇన్ని నీళ్ళు వచ్చినాయి."

ముత్తమ్మాళ్ స్పీకరు పెట్టె వైపు చూసింది. తన గొంతు పెట్టెలో ఉండి ఇంకొకరి కళ్ళు తడుపుతోంది! ఆపమంటే ఈ పిల్ల ఏడుపు ఆగిపోతుంది. సాగనిస్తే తన మొగుడు ప్రతి ఊరి పందిట్లోనూ శవమవుతాడు.

"పేరు తీసెయ్‌రా," అంది చివరికి. "అదొక్కటే. గ్రూపులో ఉండేదీ మార్చు."

వేల్మురుగన్ ఫోను మీద వేలితో అటూ ఇటూ రుద్ది, పేరున్న చోటల్లా కత్తిరించాడు. మళ్ళీ పెట్టాడు. "నన్ను నడివీధిలో నిలిపి పోతివా..." అని స్పీకరు ఊపిరి పట్టినట్టు ఆగింది.

ఆ ఖాళీలోకి అంజలై అరిచింది. "మాదప్పా!"

బతుకులో మొదటిసారి. ముసలమ్మలు నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని ఏడ్చారు. గొంతు రాదన్న పిల్ల, ఖాళీ వచ్చిన ప్రతిసారీ మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తోంది.

ముత్తమ్మాళ్ స్పీకరుకేసి చెవి పెట్టింది. తను గుండె చీల్చుకుని ఏడ్చిన ఏడుపే అది. అందులో ఇప్పుడు ఎల్లప్పన్ లేడు. తీసెయ్యమన్నది తనే.

వేల్మురుగన్ పక్కన కూలబడింది.

"పాతది పారేసినావా?"

"లేదత్తా, ఉంది."

"నా ఫోనులో ఎయ్యి. ఇంకెవురికీ పంపొద్దు."

"నీది బటన్ ఫోను గదా! సరేలే, కార్డులో ఎక్కించిస్తాను. ఏం చేసుకుంటావు దాన్ని?"

"ఇంటానురా. నా నోటితో మళ్ళా అనలేను గదా."