మెనూలో నేను దాచిన రెండు పేర్లు

లాల్‌పేట్ దగ్గర ఒక మరాఠీ మీడియం స్కూల్ ఆఫీసులో నేను గుమాస్తాను. మా నాయిన బొగ్గు గనిలో పని కోసం మంచిర్యాల దిక్కు నుంచి సరిహద్దు దాటి ఈ మరాఠీ ప్రాంతానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిండు. నా చదువంతా మరాఠీలో సాగింది. తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్న. ఈ సంగతి తెలుగులో రాస్తున్నందుకు ఒక కారణముంది. నాతో పని చేసేవాళ్లెవరికీ తెలుగు చదవరాదు. ఈ మాట ఒప్పుకోవడానికి కూడా సిగ్గయితున్నది.

మా ఆఫీసులో మూడు పాత కంప్యూటర్లు ఉండె. పొద్దున ఆన్ చేసి, బయటికి పోయి చాయ్ తాగి వచ్చినా తెరుచుకునేవి కావు. తీసి పక్కన పడేద్దామని మేడం అన్నప్పుడు, పాత కంప్యూటర్లను కూడా నడిపే లినక్స్ అనే సిస్టమ్ వేసి చూస్తనని నేనే అడిగిన. మేడం అంటే మా హెడ్‌మిస్ట్రెస్. రెండు ఆదివారాలు కూర్చొని మూడింటికీ వేసిన. మూడూ లేచి నడిచినయి.

అయితే మెనూ తెరిస్తే యాభై పేర్లు వచ్చేవి. ఏది ఎందుకో ఎవరికీ అర్థం కాకపోయేది. "ఇందులో ఉత్తరం ఎక్కడ రాయాలె?" అని టీచర్లు రోజూ నన్ను పిలుస్తుండిరి. వెతగ్గా వెతగ్గా మెనూ ఎడిటర్ అనేది ఒకటి దొరికింది. అందులో ప్రోగ్రాముల పేర్లన్నీ వరుసగా ఉంటయి, ఒక్కో పేరు ముందు ఒక చిన్న గడి ఉంటది. గడిలో టిక్కు ఉంటే ఆ పేరు మెనూలో కనిపిస్తది, తీసేస్తే కనిపించదు. ప్రోగ్రాం మాత్రం ఎక్కడికీ పోదు, కంప్యూటర్ లోపలనే ఉంటది. పేర్లు కూడా మార్చుకోవచ్చు. నేను అక్కరలేనివన్నీ దాచేసి, మిగిలినవాటికి మరాఠీ పేర్లు పెట్టిన. ఉత్తరాలు రాసేదానికి 'పత్ర', పట్టికలు చేసేదానికి 'తక్తా', టైపింగ్ నేర్పేదానికి 'సరావ్'. సరావ్ అంటే సాధన. మేడం స్టాఫ్ మీటింగ్‌లో నా పేరు చెప్పి మెచ్చుకున్నది. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

మా స్కూల్లో ఒకామె చప్రాసీగా పని చేసేది. గంట కొట్టుడు, నీళ్లు పెట్టుడు, రిజిస్టర్లు గదిగదికీ తిప్పుడు ఆమె పని. అందరూ తాయి అని పిలుస్తరు, మరాఠీలో అక్క అన్నట్టు. ఆమెది రాజురా అవతల ఒక తెలుగు రైతుల ఊరు. రోజూ బస్సులో వర్ధా నది దాటి వచ్చేది. మరాఠీలో పన్నెండు దాకా చదివింది. అందరి ముందు నన్ను సార్ అనేది, ఎవరూ లేనప్పుడు తమ్మీ అనేది. స్కూల్లో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

ఒకరోజు అడిగింది. "తమ్మీ, మధ్యాన్నం అన్నం తినే టైములో ఆ మూడో కంప్యూటర్ ఖాళీగుంటది గద. టైపింగ్ పరీక్ష రాద్దామనుకుంటున్న. పాసైతే గుమాస్తా నౌకరికి అర్జీ పెట్టుకోవచ్చు."

"కూసో అక్కా, దానికేముంది," అన్న. నేనే సరావ్ తెరిచి చూపించిన. పెద్ద మనసు చేసుకున్నట్టు నాకు నేనే సంబురపడ్డ.

ఆమె ఊరికే కూర్చునే మనిషి కాదు. సరావ్ అయిపోయినంక పక్కనున్నది తెరిచి చూసేది. తక్తాలో గడులు ఎట్ల కూడుతయో, వరుసలు ఎట్ల పెడతరో తనంతట తానే నేర్చుకున్నది. ఆ ఏడు చలికాలంలో నాకు జ్వరం వచ్చి మూడు రోజులు పోలేదు. పరీక్షలు దగ్గరికొచ్చినయి, ఏ పిల్ల ఏ గదిలో ఏ బెంచీ మీద కూర్చోవాలో పట్టిక కావాలె. అది ఏటా నేనే చేసేది. ఈసారి ఆమె చేసింది. నేను తిరిగి వచ్చేసరికి ఆ పట్టిక ప్రతి గది తలుపు మీదా అంటించి ఉన్నది. నా పట్టికల కన్నా సాఫుగా ఉన్నది. స్కూల్ చూడవచ్చిన ఒక అధికారికి మేడం దాన్ని చూపిస్తూ, "ఇది మా తాయి చేసింది," అని చెప్పి, నా దిక్కు తిరిగి నవ్వుతూ, "ఇగ నువ్వు నిశ్చింతగా సెలవు పెట్టుకోవచ్చు," అన్నది.

మేడం మంచిగనే అన్నది. నాకు మాత్రం కడుపులో మండింది. మా నాయిన గనిల దిగి చదివిస్తే నేనీ కుర్చీలో కూర్చున్న, నీళ్లు పెట్టే మనిషి అన్నం తినే టైములో కూర్చొని నా పని నేర్చుకున్నది అనిపించింది. ఇట్ల అనుకున్నానని ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు అందరికన్నా ముందు పోయిన. మూడో కంప్యూటర్‌లో మెనూ ఎడిటర్ తెరిచి తక్తా టిక్కు తీసిన, సరావ్ టిక్కు తీసిన. నిమిషం కూడా పట్టలేదు. ఆఫీసు కాగితాలు ఎవరన్నా పాడుచేస్తే ఎట్ల, అందుకే తీస్తున్నానని నాకు నేను చెప్పుకున్న. సరావ్‌లో పాడుచేయడానికి ఏముంది? ఆ ప్రశ్న వేసుకోలేదు.

మధ్యాహ్నం ఆమె వచ్చి కూర్చున్నది. మెనూ తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది.

"తమ్మీ, తక్తా కనిపిస్తలేదు. సరావ్ గూడ లేదు. నాతోనే ఏమన్న అయ్యిందా?"

"ఏం నొక్కినవ్ అక్కా?" అన్న.

ఇప్పటికీ నన్ను ఎక్కువ బాధపెట్టేది టిక్కు తీసిన సంగతి కాదు, ఈ మాట. అన్నీ తెలిసి, టిఫిన్ డబ్బా మీంచి తలెత్తకుండా రొట్టె తుంచుకుంటూ అడిగిన.

ఆమె ఆలోచించింది. "నిన్న బంద్ చేసేటప్పుడు ఏందో అడిగింది. చదవకుండ అవునని కొట్టిన. గదేనా?"

"కావచ్చు. చూస్తా."

చూడలేదు. మర్నాడు అడిగితే పని ఉందన్న. ఆ మర్నాడు అడిగితే, కష్టమే అన్నట్టు తలూపిన. నాలుగో రోజు సంతకం కోసం రిజిస్టర్ పట్టుకొని మేడం గదిలో నిలబడ్డ. తాయి లోపలికి వచ్చి, చేతులు ముందర కట్టుకొని మరాఠీలో చెప్పింది. "మేడం, మూడో కంప్యూటర్ నేను ఖరాబు చేసిన. తెలియక చేసిన. సార్ బాగు చేయడానికి తిప్పలు పడుతున్నరు. మాఫ్ చేయున్రి."

మేడం కోపం చేయలేదు. "రాహూ దే తాయీ," అన్నది, ఉండనియ్యి అని. "ఇగ దాని జోలికి పోకు. నీ పని నీకు చాలా ఉంది. కంప్యూటర్ సంగతి ఆయన చూసుకుంటడు."

అప్పుడు నా నోట్లోంచి ఒక్క మాట రావాల్సి ఉండె. నేను రిజిస్టర్‌ను మేడం ముందుకు జరిపి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించిన.

ఆ సాయంత్రమే రెండు టిక్కులూ మళ్లీ పెట్టేసిన. మర్నాడు, "వచ్చినయి అక్కా, కూసో," అన్న.

"వద్దు తమ్మీ. మేడం వద్దన్నది. మళ్ల ఏమన్న అయితే?"

ఆమె పరీక్షకు నెలన్నర కూడా లేదు. పది రోజుల తర్వాత మధ్యాహ్నం నీళ్ల గదికి పోతే, ఆమె గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నది. ఒళ్లో పాత క్యాలెండర్ అట్ట. దాని వెనక కీబోర్డు లెక్క స్కేలు పెట్టి గీసిన గడులు, ఒక్కో గడిలో ఒక్కో మరాఠీ అక్షరం. కళ్లు మూసుకొని ఆ అట్ట మీద వేళ్లు ఆడిస్తున్నది. పెదవులు అక్షరాలు పలుకుతున్నయి.

నేను నీళ్లు తాగకుండానే అక్కడే చెప్పేసిన. "అక్కా, నువ్వేం ఖరాబు చెయ్యలె. ఆ రెండు నేనే దాచిన."

ఆమె కళ్లు తెరిచింది. "ఎందుకు?"

"పట్టిక నువ్వు చేసినవని."

ఆమె అట్టను మెల్లగా చీర కొంగుతో తుడిచింది. తర్వాత అన్నది. "నేను ఇంట్ల కూడ చెప్పుకున్న సార్, స్కూల్ల కంప్యూటర్ ఖరాబు చేసిననని. నాకెందుకు చెప్తున్నరు? మేడంకు చెప్పున్రి."

ఎవరూ లేనిచోట నన్ను సార్ అనడం అదే మొదలు.

మేడం గదికి పోయిన. గడప దాటేదాకా నిజమే చెప్దామనుకున్న. లోపలికి పోయినంక నోరు ఇంకోటి చెప్పింది. "మేడం, తాయి తప్పేం లేదు. అప్‌డేట్ వచ్చి మెనూలో పేర్లు పోయినయి. ఇప్పుడే తెలిసింది." మేడం వెంటనే ఆమెను పిలిపించి, "నీ తప్పు కాదట తాయీ, కంప్యూటర్‌దే తప్పట. కూర్చో, నేర్చుకో," అన్నది. ఆమె నా మొఖం దిక్కు ఒకసారి చూసింది. "సరే మేడం," అని బయటికి పోయింది.

తర్వాత మధ్యాహ్నాలు మళ్లీ కూర్చునేది. నన్ను ఏమీ అడిగేది కాదు. ఆ పరీక్షలో తప్పింది, కొద్దిలోనే. వేసవి సెలవుల తర్వాత రాజురా దిక్కు స్కూల్‌కు బదిలీ అడుక్కొని పోయింది. అక్కడ ఊళ్లోనే టైపింగ్ క్లాసుకు పోయి రెండోసారి పాసైంది. ఇంకొన్నాళ్లకు అదే స్కూల్లో గుమాస్తా అయ్యిందని విన్న. ఫోన్ చేసి సంతోషం చెప్పాలనుకున్న, చేతులు రాలేదు.

ఆమెనే చేసింది, పోయిన వానాకాలం. "సార్, మా ఆఫీసుల కూడ లినక్స్ వేసిన్రు. మెనూల పేర్లు మరాఠీల పెట్టాలె. ఎడిటర్ ఎక్కడుంటది?"

చెప్పిన. ఒక్కో మెట్టూ ఆమె రాసుకుంటున్నట్టు తెలుస్తున్నది. అంతా అయినంక నేనే అన్న. "అక్కా, మేడంకు ఇంకా అసలు సంగతి చెప్పలేదు."

"ఎరుకే. మొన్న మేడం ఫోన్ చేసింది. 'కంప్యూటర్ తప్పుకు నిన్ను ఊకె అన్నాను తాయీ' అని బాధపడ్డది. నేనేం అనలె." కొంచెం ఆగి, "పేరు మార్చినంక సేవ్ చేసేది ఎక్కడ సార్?" అన్నది.

ఆ మర్నాడు మేడం గదికి పోయి, తలుపు దగ్గరికేసి, మొదటి నుంచి చివరిదాకా చెప్పిన. మేడం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. తిడుతదనుకున్న. తిట్టలేదు.

"ఆమె మాఫీ అడిగిన రోజు నువ్వు ఇక్కడే ఉన్నవ్ గదా?"

"ఉన్న మేడం."

"రిజిస్టర్ పట్టుకొని."

"అవును."

మేడం ఫోన్ తీసుకొని తాయి నంబర్ కలిపింది. నన్ను బయటికి పొమ్మనలేదు, కూర్చోమనీ అనలేదు. మేడం ఆమెను మాఫీ అడుగుతుంటే నేను నిలబడే విన్న.