పన్నెండడుగుల బెంగ

మా బాబాయికి ఏ వస్తువు చూసినా ఒకటే ప్రశ్న: "విరిగితే?" కుర్చీ, నిచ్చెన, పిన్ని దువ్వెన, ఆఖరికి డాక్టరు ఆయన నోట్లో పెట్టిన థర్మామీటరు, దేన్నీ వదల్లేదు. ఇలాంటి మనిషి బతుకుతెరువుకి ఎంచుకున్నది గాలం కర్రలు తయారుచెయ్యడం. వంగడమే పనిగా పుట్టిన వస్తువు. ఆయన రక్తపోటుకి వేరే కారణం వెతకనక్కర్లేదు.

ఆయన చేసేవి సముద్రపు ఒడ్డున నిలబడి అలల అవతలికి విసిరే కర్రలు. పొడవు పన్నెండడుగులు. ఆయన పనిగది పదకొండు. అందుకని కిటికీలోంచి ఒక అడుగు ఎప్పుడూ వీధిలో ఉండేది, చివర ఎర్రగుడ్డతో. సైకిలు బెల్లు వినపడితే చాలు, "చూసుకు వెళ్లండి బాబూ, విరిగితే?" అని లోపల్నుంచి కేక.

"ఏం విరుగుతుందండీ, నా తలా?" అని ఒకాయన నిజంగానే భయపడ్డాడు.

"కర్ర!"

ఫ్యాక్టరీ నుంచి ఆయనకి వచ్చేది ఉత్త బోడికర్ర. పిడి, రింగులు, రీలు బిగించే సీటు, అన్నీ ఈయనే అమర్చాలి. ముందు దాని వెన్ను కనిపెట్టాలి. మొదలు నేలకానించి, నడుమ నొక్కుతూ దొర్లిస్తే కర్ర ఒక వైపుకి గబుక్కున తిరిగి కుదురుకుంటుంది. అదే వెన్ను. దాన్నిబట్టి రింగులు పెట్టి, ఒక్కో రింగూ ఊడకుండా సన్నటి దారం చుట్టాలి. బాబాయి చుట్టేవాడు, అనుమానపడేవాడు, విప్పేవాడు. "ఆ చుట్టి విప్పిన దారంతో ఊరందరికీ దుప్పట్లు నెయ్యొచ్చు" అనేది పిన్ని.

తెలిసి తెలిసి ఆయన దగ్గరికి నేను రోజూ ఎక్కే బస్సు డ్రైవర్ని తీసుకెళ్లింది నేనే. డ్రైవరు ముప్పై ఏళ్లు ప్రతి ఆదివారం ఒడ్డున గాలం వేసిన మనిషి. ఏడాది కిందట కుడి భుజానికి ఆపరేషనయింది. అప్పట్నుంచి అటు వెళ్లలేదు. "తగ్గిపోయింది బాబూ, రాయిలా ఉంది" అని ఎవరూ అడక్కుండానే చెప్పేవాడు. మూడు వారాల్లో పాత జట్టువాళ్లు పోటీ పెట్టుకున్నారు. "ఈసారీ కనపడకపోతే నన్ను మర్చిపోతారు. అప్పటికి కర్ర రాలేదా, సామానంతా ఎవరికో ఒకరికి ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటా" అన్నాడు.

బాబాయి బోడికర్ర ఆయన చేతికిచ్చాడు. "విసురుతున్నట్టు చెయ్యెత్తండి."

ఎత్తాడు.

"ఇంకొంచెం."

"ఇంకెందుకు మేస్త్రీ? చేపని పట్టాలా, కాకిగూడు దులపాలా?"

బాబాయి కర్ర వంక దిగులుగా చూశాడు. "దీనికి వెన్ను దొరకడం లేదండీ. గురువారం రండి."

గురువారం మళ్లీ చెయ్యెత్తించాడు, దొరకలేదు. సోమవారం మళ్లీ ఎత్తించాడు, దొరకలేదు. రెండు నిమిషాల పని! నాకు అన్నం సహించడం మానేసింది. రోజూ ఫోను చేసేవాణ్ణి.

"దొరికిందా బాబాయ్?"

"మొండి కర్రరా."

"ఆయన ముఖం చూశావా? రోజురోజుకీ వాడిపోతోంది!"

"తొందరపెట్టకు. విరిగితే?"

"నేనే విరిచేస్తా!"

పోటీకి రెండ్రోజుల ముందు ఎట్టకేలకు దారం చుట్టి జిగురు పూశాడు. ఆ జిగురు ఆరేదాకా కర్రని ఆపకుండా తిప్పుతూ ఉండాలి. లేకపోతే ఒక పక్కకి కారి గడ్డకడుతుంది. తిప్పడానికి చిన్న మోటారుంది. మోటారుంది గానీ కరెంటు పోయింది. పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా ఆయనొక కొస, నేనొక కొస పట్టుకుని తిప్పాం. పిన్ని దాని కిందనుంచి వంగి వెళ్లి ఇద్దరి నోట్లోనూ మార్చి మార్చి ముద్దలు పెట్టింది. అప్పుడు చూశాను: రీలు సీటు ఉండాల్సిన చోటుకి జానెడు కింద ఉంది.

"బాబాయ్, కొలత తప్పింది!"

"తిప్పు."

ఆదివారం ఒడ్డున జట్టు మొత్తం చేరింది. అందరి చేతుల్లోనూ బాబాయి చేసిన కర్రలే. డ్రైవరు కొత్త కర్ర పట్టుకుని అందరికీ దూరంగా నిలబడ్డాడు. బుగ్గన చెమట. కర్ర ఎత్తబోతూ దించేస్తున్నాడు. అప్పుడు బాబాయి ఇసకలో నాలుగడుగులు ముందుకేసి, అందరికీ వినబడేలా అన్నాడు: "అయ్యా, ఒక మాట. ఈ కర్రలో లోపముంది. తల మీంచి విసిరితే విరుగుతుంది. నడుము పక్కనుంచే విసరాలి. తప్పు నాదే."

జట్టు పెద్ద నోరు తెరిచాడు. "నలభై ఏళ్లలో మీ కర్ర ఒక్కటీ విరగలేదు కదండీ!"

"ఇది విరుగుతుంది."

డ్రైవరు ఒక్క క్షణం బాబాయిని చూశాడు. తర్వాత గొంతు పెంచాడు. "చూశారా, ఎలాంటి చెత్త కర్ర అంటగట్టాడో! ఏం చేస్తాం, మన ఖర్మ!" అని తిట్టుకుంటూ నడుము పక్కనుంచి తిప్పి విసిరాడు. గాలానికి కట్టిన సీసం గుండు మొదటి అల దాటింది, రెండో అల దాటింది. అంత ఆనందంగా తిట్టే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. డ్రైవరు టీకి వెళ్లగానే ఆ కర్ర తీసుకున్నాను. విరిగితే విరగనీ అని తల మీంచి బలమంతా పెట్టి విసిరాను. విల్లులా వంగి, నిటారుగా లేచింది. చిన్న పగులు కూడా లేదు. వెనక్కి తిరిగితే బాబాయి తాపీగా ఓడలు చూస్తున్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన "విరిగితే?" అనలేదు.

"వెన్నెప్పుడు దొరికింది?" అన్నాను.

"మొదటి రోజే."

"మరి మూడు వారాలు?"

"ఆయన చెయ్యి చెవి దాటి లేవడం లేదు. ఆయన చెప్పడు, నేనడగను. ఎక్కడిదాకా నొప్పి లేకుండా వస్తుందో చూడొద్దూ? దాన్నిబట్టే సీటు కిందకి దించా. కర్రకేంరా, నాలుగు మాటలన్నా పడుంటుంది."

ఇంతలో జట్టు పెద్ద అటూ ఇటూ చూసుకుంటూ మా దగ్గరికొచ్చాడు. ఎడంచేత్తో కుడి భుజం నిమురుకుంటున్నాడు.

"మేస్త్రీ," అన్నాడు మెల్లిగా, "నాక్కూడా అలాంటి పాడు కర్ర ఒకటి చేసిపెడతారా?"

"దానికేం," అని బాబాయి జేబులోంచి పెన్సిలు తీశాడు. "ఎంత లోపం కావాలి?"